హెచ్ అండ్ ఈలో (టిష్యూకి హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేసే పద్ధతి) కణాల న్యూక్లియస్ నీలం రావట్లేదు, నీళ్ల వల్లేనా?

దిల్‌సుఖ్‌నగర్ టెక్నీషియన్:
అన్నా, మాది చిన్న హిస్టో ల్యాబ్ (టిష్యూకి రంగేసి స్లైడ్లు చేసేది), ఇంతకుముందు బోరు నీళ్లతోనే కడిగేవాళ్లం, ఈమధ్య ఆర్‌ఓ పెట్టారు, అప్పట్నుంచి హ్యారిస్ హెమటాక్సిలిన్ (న్యూక్లియస్‌కి పట్టే రంగు), ఆసిడ్ ఆల్కహాల్ (ఎక్కువైన రంగు తీసేది) అయ్యాక 10 నిమిషాలు కడిగినా న్యూక్లియస్ ఎర్రగా వంకాయ రంగులోనే ఉండిపోతుంది. సార్ ఏమో స్టెయిన్ పారబోసి కొత్తది చేయమంటున్నారు, నిజంగా అదే పాడైందంటారా?

కోఠి సీనియర్:
పారబోయకు తమ్ముడూ, ముందు నీళ్లు చూడు. హెమటాక్సిలిన్ ఆసిడ్‌లో ఎర్రగనే ఉంటది, ఆల్కలీ తగిలితేనే నీలం అయితది. మన దగ్గర బోరు నీళ్లు హార్డ్ వాటర్ కదా, బైకార్బనేట్ ఉంటది కాబట్టి బ్లూయింగ్ (రంగు నీలంగా మారడం) దానంతటదే అయిపోయేది, ఆర్‌ఓలో అదంతా పోతది. లీటర్ నీళ్లకి సోడియం బైకార్బనేట్ 2 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రాములు కలుపు, అదే స్కాట్స్ ద్రావణం, 1-2 నిమిషాలు ముంచితే చాలు. తర్వాత మాత్రం బాగా కడుగు, ఆల్కలీ మిగిలిందంటే తర్వాత వేసే గులాబీ రంగు ఇయోసిన్ సరిగ్గా పట్టదు.

మెహదీపట్నం అక్క:
పల్చటి అమ్మోనియా నీళ్లు కూడా పనిచేస్తాయి, కానీ బ్రెస్ట్ లాంటి కొవ్వు టిష్యూ అయితే సెక్షన్లు (స్లైడ్ మీది పల్చటి టిష్యూ పొరలు) ఊడొస్తాయి, నేనైతే స్కాట్స్‌కే ఓటు. ఇయోసిన్‌కి వెళ్లేముందు తడి స్లైడ్‌నే ఒకసారి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు, పేషెంట్ రిపోర్ట్ దానిమీదే ఆధారపడి ఉంది కదా.

దిల్‌సుఖ్‌నగర్ టెక్నీషియన్:
థాంక్స్ అన్నా, అక్కా. రేపు కంట్రోల్ స్లైడ్ (రంగు ఎలా రావాలో ముందే తెలిసిన టెస్ట్ స్లైడ్) మీద చేసి ఇక్కడే చెప్తా.