పుట్టుకతో గుండె లోపం ఉన్న తల్లికి ముందే సిజేరియన్ రాసేయడం మంచిదా, నొప్పులు రానివ్వడమా?

నీలిగోరింట:
నాకు 29 ఏళ్లు. టెట్రాలజీ ఆఫ్ ఫాలోతో పుట్టాను, అంటే గుండె గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు కలిసి ఉండే లోపం. నాలుగో ఏట ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేసి రంధ్రం మూసి, ఊపిరితిత్తులకు వెళ్లే దారి వెడల్పు చేశారు. ఆ దారిలో ఉండే పల్మనరీ వాల్వ్ మాత్రం అప్పటి నుంచీ కొద్దిగా లీకవుతూనే ఉంది. ఇప్పుడు 26వ వారం. నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, ఆయాసం పెద్దగా లేదు.

గైనకాలజిస్ట్ మొదటి విజిట్‌లోనే నా ఛాతీ మీద మచ్చ చూసి, "గుండె ఆపరేషన్ కేసు కదమ్మా, 37 వారాలకు సిజేరియన్ చేసేద్దాం" అన్నారు. అప్పటికి ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ఇంకా తెరవనే లేదు. కార్డియాలజిస్ట్ ఏమో ఎకో చేసి, "గుండె వైపు నుంచి నార్మల్ డెలివరీకి అడ్డం లేదు" అన్నారు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఒకరి మాట ఇంకొకరికి మోస్తున్నది నేనే. ఇంట్లో అందరూ ఆపరేషన్ వైపే ఉన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?

తూర్పుగాలి:
చెల్లీ, ఆపరేషనే చేయించుకో. మా ఆవిడకు కూడా పుట్టుకతో గుండె సమస్య ఉంది. నార్మల్ అనుకునే ఆగాం. రాత్రి రెండింటికి నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి వెళ్తే డ్యూటీ డాక్టర్‌కు ఆమె కేసే తెలియదు. పాత రిపోర్టులు నేను మంచం మీద పరిచి ఒక్కొక్కటీ చూపిస్తున్నాను, ఆవిడ అవతల ఊపిరి బిగపట్టి నా చేయి నలిపేస్తోంది. కార్డియాలజిస్ట్ ఫోన్ ఎత్తే సరికి 40 నిమిషాలు అయింది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ ఆ 40 నిమిషాలు నేను మర్చిపోలేను. తేదీ ముందే పెట్టుకుంటే పగటిపూట అందరూ ఉంటారు, రక్తం సిద్ధంగా ఉంటుంది, ఐసీయూలో మంచం ఉంటుంది. అంత ధైర్యం ఇంకెందులో వస్తుంది?

మత్తుడాక్టర్:
నేను మత్తు డాక్టర్ని. గుండె జబ్బున్న తల్లుల కాన్పులు చాలా చూశాను. తూర్పుగాలి గారి భయం నాకు అర్థమైంది. కానీ ఆ రాత్రి తప్పు జరిగింది నొప్పుల వల్ల కాదండీ, ఆమె కేసు ఎవరికీ తెలియకపోవడం వల్ల.

నెలలు నిండే కొద్దీ ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. 28 నుంచి 32 వారాలకే గుండె మీద భారం దాదాపు శిఖరానికి చేరుతుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భసంచి బిగుసుకుని 300 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తాన్ని ఒంట్లోకి తోస్తుంది. బిడ్డ బయటికి వచ్చిన వెంటనే గర్భసంచి ముడుచుకుంటుంది, పెద్ద సిర మీద ఒత్తిడి తొలగుతుంది, రక్తం ఒక్కసారిగా గుండెకు పోటెత్తుతుంది. ఈ చివరి పోటు సిజేరియన్‌లోనూ తప్పదు. కోత పెట్టినంత మాత్రాన గుండెకు విశ్రాంతి దొరుకుతుందనుకోవడం పొరపాటు.

పైగా ఆపరేషన్‌లో రక్తం పోవడం దాదాపు రెట్టింపు: మామూలు కాన్పులో అర లీటరు అనుకుంటే ఇక్కడ లీటరు. కాళ్లలో గడ్డ కట్టే ప్రమాదం, ఇన్ఫెక్షన్ కూడా ఎక్కువే. యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2007లో మొదలుపెట్టిన రోపాక్ అనే రిజిస్ట్రీలో గుండె జబ్బున్న 1200 మందికి పైగా తల్లుల కాన్పుల లెక్కలు 2015లో వచ్చాయి. ముందే సిజేరియన్ అనుకున్నవాళ్లకు తల్లి పరంగా ప్రత్యేక లాభం కనిపించలేదు. వాళ్ల బిడ్డలు మాత్రం ముందుగా, తక్కువ బరువుతో పుట్టారు. అదే సొసైటీ 2018 మార్గదర్శకాలు కూడా ఎక్కువ మందికి మామూలు కాన్పే మొదటి ఎంపిక అంటున్నాయి.

తూర్పుగాలి:
డాక్టర్ గారూ, లెక్కలు కాదనను. కానీ ఆ లెక్కలొచ్చిన ఆసుపత్రుల్లో కార్డియాలజిస్ట్, గైనకాలజిస్ట్, మీలాంటి మత్తు డాక్టర్ ఒకే చోట ఉంటారు. ఆ టీమ్ లేని చోట కూడా అదే సలహా నడుస్తుందా? రాత్రి ఒక్క జూనియర్ డాక్టర్ ఉన్న చోట ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు) ఎవరిస్తారు?

మత్తుడాక్టర్:
న్యాయమైన ప్రశ్న. టీమ్ లేని చోట ఇలాంటి కాన్పు పెట్టుకోకూడదు, సిజేరియన్ అయినా సరే. ఆపరేషన్ చేసేది పగలే కావచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరేది రాత్రి మూడింటికి కావచ్చు. అప్పుడు ఎవరుంటారు?

రెండోఊపిరి:
నాది వేరే కథ. నాకు అయోర్టిక్ వాల్వ్ పుట్టుకతోనే రెండు రెక్కలది (మూడుండాలి). తర్వాత లోహపు వాల్వ్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నాను. 36వ వారంలో వార్ఫరిన్ ఆపి, అదే పని చేసే హెపారిన్ ఇంజెక్షన్‌కు మార్చాలనేది ప్లాన్. 35వ వారంలోనే నొప్పులొచ్చేశాయి! వార్ఫరిన్ మాయ దాటి బిడ్డకూ చేరుతుంది, బిడ్డ రక్తం కూడా పలుచగా ఉంటుంది, ఆ స్థితిలో తల నొక్కుకుంటూ బయటికి వస్తే లోపల రక్తస్రావం కావచ్చని చెప్పి సిజేరియన్ చేశారు. కాబట్టి "సిజేరియన్ వద్దు" అని అందరినీ ఒకే గాటన కట్టకండి. ఆ రోజు ఆపరేషన్ చేయకపోతే నా కొడుకు ఉండేవాడు కాదేమో.

మత్తుడాక్టర్:
రెండోఊపిరి గారు చెప్పింది అక్షరాలా నిజం. గుండె కారణంగా సిజేరియన్ వైపు వెళ్లే సందర్భాలు ఉన్నాయి: ఇలా వార్ఫరిన్ మీద ఉండగా నొప్పులు రావడం, రక్తనాళాల గోడలు బలహీనపడే మార్ఫాన్ లాంటి జబ్బులో అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) 45 మిల్లీమీటర్లు దాటి ఉబ్బడం, మందులకు లొంగని హార్ట్ ఫెయిల్యూర్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ బాగా పెరిగిపోవడం. ఈ చివరిదాంట్లో అయితే, ఐసెన్‌మెంగర్ దశకు (ఆ ప్రెషర్ వల్ల గుండె రంధ్రంలో రక్తం ఎదురు దిశలో పారే దశ) చేరినవాళ్లకు గర్భమే వద్దని గట్టిగా చెబుతాం, ఎందుకంటే కాన్పు ఏ దారిలో జరిగినా తల్లి ప్రాణానికి ముప్పే. ఆ మాట గర్భం రాకముందే చెప్పాలి. ఆరో నెలలో చెప్పి ఏం లాభం?

నీలిగోరింట గారి విషయం అలాంటిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఆపరేషన్ అయిన ఫాలో రెండో తరగతి, అంటే ప్రమాదం కొంచెం పెరిగినది. అయితే లీకు ఎంత, కుడి జఠరిక (గుండె కుడి కింది గది) ఎంత సాగింది, గుండె లయ తప్పుతోందా, ఈ మూడింటిని బట్టి అది మారుతుంది. అమ్మా, గుండె దడదడలాడినా, కాళ్ల వాపు ఉన్నట్టుండి పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, "కడుపుతో ఉన్నప్పుడు మామూలేలే" అనుకోవద్దు.

కొసరుముచ్చట:
మా చెల్లికి కూడా ఫాలోనే, ఆపరేషన్ అయింది. వాళ్లు మధ్యే మార్గం పట్టారు. నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగలేదు, కోతా పెట్టలేదు. 39 వారాలు దాటాక ఒక ఉదయం చేర్చుకుని, అందరూ డ్యూటీలో ఉండగా నొప్పులు తెప్పించారు. తూర్పుగాలి అన్నయ్యకు కావలసిన పగటిపూట ఇందులోనూ దొరికింది. నొప్పులు మొదలవుతుండగానే ఎపిడ్యూరల్ ఇచ్చారు, నొప్పికి బీపీ, గుండె వేగం ఎగబాకకుండా. వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు పడుకోబెట్టారు. చివర్లో ఎక్కువసేపు ముక్కనివ్వకుండా వాక్యూమ్ పెట్టి బిడ్డను తీశారు.

నాకు బాగా గుర్తున్నది వేరే. కేసు షీట్ మీద ఒకే ఒక పేజీ అతికించారు. పైన ఎర్ర స్కెచ్‌తో: "ఆక్సిటోసిన్ నెమ్మదిగా డ్రిప్‌లోనే. ఒక్కసారిగా ఇంజెక్షన్ వద్దు. మిథైల్ ఎర్గోమెట్రిన్ వద్దు." రెండూ కాన్పు తర్వాత రక్తస్రావం ఆగేలా గర్భసంచిని బిగించే మందులే. మొదటిది గబుక్కున ఇస్తే బీపీ పడిపోతుందట, రెండోది బీపీని ఎగదోస్తుందట. షిఫ్ట్ మారి కొత్త నర్స్ వచ్చింది, ట్రే సర్దుతూ ఆ పేజీ చదివి ఒక ఆంప్యూల్ పక్కన పెట్టేసింది. ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ పేజీ లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇంకో మాట. కాన్పు అయిన రోజు మా చెల్లి బాగానే ఉంది. మూడో రోజు ఆయాసం. ఒంట్లో చేరిన నీరంతా రక్తంలోకి తిరిగొచ్చే సమయం అదేనట. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది కాబట్టి మూత్రం ద్వారా నీరు పోయే మందు వెంటనే ఇచ్చారు. "నార్మల్ అయింది కదా, మర్నాడే ఇంటికి తీసుకెళ్దాం" అన్న మా నాన్న ఆ తర్వాత నోరెత్తలేదు.

తూర్పుగాలి:
పగటిపూట నొప్పులు తెప్పించడం అనే దారి ఉందని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేనూ దానికే ఒప్పుకునేవాణ్ని. కానీ ఆ టీమ్ దొరకకపోతే మాత్రం నా ఓటు ఇప్పటికీ ఆపరేషన్‌కే. చెల్లీ, ముందు ఆ ఇద్దరు డాక్టర్లనూ ఒక చోట కూర్చోబెట్టు.

రెండోఊపిరి:
బిడ్డ గుండె స్కాన్ అయిందా? తల్లికి లోపం ఉంటే బిడ్డకూ ఉండే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. మామూలుగా నూటికి ఒకరు అనుకుంటే, మనలాంటి వాళ్లకు సుమారుగా ముగ్గురు నుంచి ఐదుగురు. 18 నుంచి 22 వారాల మధ్య ఫీటల్ ఎకో చేస్తారు. ఫాలో ఉన్న కొందరిలో 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం ఉంటుంది. అది తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆ టెస్ట్ గురించి కూడా అడగండి.

నీలిగోరింట:
ఫీటల్ ఎకో 21వ వారంలో అయింది, బిడ్డ గుండె బాగుందన్నారు. క్రోమోజోమ్ టెస్ట్ సంగతి నాకు తెలియదు, అడుగుతాను.

నిన్న ధైర్యం చేసి, గైనకాలజిస్ట్ ఎదురుగా కూర్చుని కార్డియాలజిస్ట్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. చేతులు వణికాయి. మొదట ఇద్దరూ కాస్త ఇబ్బంది పడ్డారు, తర్వాత పది నిమిషాలు నన్ను మర్చిపోయి కుడి జఠరిక గురించి మాట్లాడుకున్నారు. 30 వారాలకు మళ్లీ ఎకో. అది బాగుంటే 39 నుంచి 40 వారాల మధ్య పగటిపూట నొప్పులు తెప్పించడం, మొదటి నుంచీ ఎపిడ్యూరల్, కాన్పు తర్వాత కనీసం మూడు రోజులు మానిటర్ మీద. గైనకాలజిస్ట్ పూర్తిగా ఒప్పుకోలేదు. "లయ తప్పినా, బిడ్డ ఇబ్బంది పడినా ఆపరేషన్‌కే వెళ్తాను" అన్నారు. దానికి నాకూ అభ్యంతరం లేదు.

మత్తు డాక్టర్‌ను 32వ వారంలో కలవమన్నారు. కొసరుముచ్చట అక్కా, ఆ ఒక్క పేజీలో ఇంకా ఏమేం రాశారో గుర్తుంటే చెప్పవా? ఖాళీ కాగితం పట్టుకుని వెళ్లాలనుకుంటున్నాను.

కొసరుముచ్చట:
గుర్తున్నంత వరకు: ఏ లోపం, ఏ సంవత్సరం ఏ ఆపరేషన్, చివరి ఎకో తేదీ, ఇప్పుడు వాడుతున్న మందులు, ఇవ్వకూడని మందులు, గంటకు ఎంత సెలైన్ దాటకూడదు, రాత్రి ఎవరికి ముందు ఫోన్ చేయాలి, ఆయన ఎత్తకపోతే ఎవరికి. రెండు కాపీలు తీయించు చెల్లీ. ఒకటి కేసు షీట్‌కు, ఒకటి నీ బ్యాగులో పై అరలో.