దాఖలా, ఖారీజు: ఇవి బడి మాటలా, కోర్టు మాటలా?

మా అమ్మమ్మది నకిరేకల్ దగ్గర ఊరు. బడిలో చేర్చడాన్ని ఆమె "దాఖల జేసుడు" అనేది. "మీ పెద్దమ్మను బడిల దాఖల జెయ్యనియ్యలే మీ తాత" అని ఎన్నిసార్లు చెప్పిందో! మేం చదువుకున్న తెలుగులో దాఖలు చేయడమంటే కోర్టులో పిటిషన్ వేయడం. దాఖలా అంటే రుజువు. పేపర్లలో "దాఖలాలు లేవు" అని రాస్తారు కదా. ఒక్క మాట ఇన్ని పనులెట్లా చేస్తుంది? నల్లగొండ, పాలమూరు వాళ్లు చెప్పాలి.

*నల్లగొండ వకీలు:* అరబీలో దఖల్ అంటే లోపలికి పోవుడు, అక్కా. పిల్ల బడి గడప దాటినా అదే, కాగితం కోర్టులోకి పోయినా అదే. ఉర్దూలో బడి అడ్మిషన్‌ను ఇప్పటికీ దాఖిలా అంటరు. నిజాం జమానాల కచేరీలోనూ పెద్ద చదువుల్లోనూ ఉర్దూయే గనక మనకు రెండు అర్థాలూ మిగిలినయి. దీనికి జోడు మాట ఖారిజ్, అంటే బయటికి. బడిలో పేరు కొట్టేసినా ఖారిజే, జడ్జి దావా కొట్టేసినా ఖారిజే.

ఈ రెండు దాఖలాలూ ఒక్కచోట కలిసిన కేసు ఒకటి చెప్తా. 1951లో ఉడుపి కాలేజీలో శాంతాబాయి అనే అమ్మాయికి సీటియ్యలే. ఉడుపి అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అనుమతి లేకుండా ఆడపిల్లలను చేర్చుకోవద్దని యూనివర్సిటీ కాలేజీలకు చెప్పి పెట్టింది. బడి దాఖలా దొరకక ఆమె కోర్టులో దాఖలు చేసి గెలిచింది. యూనివర్సిటీ అప్పీలుకు పోయింది, ఆమె గెలుపు పోయింది.

*మిర్యాలగూడ నుంచి ఒక సభ్యుడు:* ఇది భాష గ్రూపా, లా కాలేజా?

*నల్లగొండ వకీలు:* భాష గ్రూపే సార్, ఆ అమ్మాయి ఓడిందే ఒక మాట దగ్గర. రాజ్యాంగం 15(1)లో వివక్ష చూపొద్దన్న కారణాల్లో లింగం ఉంది. కాలేజీ అడ్మిషన్ల గురించి చెప్పే 29(2)లో మతం, జాతి, కులం, భాష ఉన్నయి, లింగం లేదు. కావాలనే వదిలేసిన్రు, ఆడవాళ్లను చేర్చుకోవాలో వద్దో కాలేజీల ఇష్టానికే ఇడిచిపెట్టిన్రు అని హైకోర్టు అర్థం చెప్పింది. రాయని మాటకు అంత బలం!

రాసిన మాటతోనూ తిప్పలే. 15(1)లో 'కేవలం' ఈ కారణాలతో వివక్ష చూపొద్దని ఉంది కదా. 1952లో కలకత్తా హైకోర్టుకు హుగ్లీ కాలేజీ కేసు వచ్చింది. సీటియ్యనిది కేవలం ఆడపిల్ల అయినందుకు కాదు, ఆడవాళ్లకు వేరే కాలేజీని పెంచే ఆలోచన ఉన్నందుకని జడ్జిలు అన్నరు. అదీ ఖారిజ్.

*మొదటి పోస్టు రాసినామె:* మన మాటలో ఆ 'కేవలం' పని అంతా 'ఏ' చేస్తుంది కదా! "ఆడపిల్ల అయినందుకు సీటియ్యలే" అంటే పక్కన ఇంకో కారణం ఉండొచ్చు. "ఆడపిల్ల అయినందుకే" అంటే ఇక సందు లేదు. మా అమ్మమ్మ ఎప్పుడూ 'అయినందుకే' అనేది.

*మక్తల్ టీచర్:* కోర్టులన్నీ అట్లనే లేవు మేడం. 2021 ఆగస్టులో ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష అమ్మాయిలు కూడా రాయొచ్చని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కానీ నాకు పనికొచ్చింది 2012 నాటి తీర్పు: అన్ని బడుల్లో 6 నెలల్లో మరుగుదొడ్లు కట్టాలి, ఆడపిల్లలకు వేరుగా ఉండాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆ వేరు మరుగుదొడ్డి ముందే ఉంది. నేను మొదట పనిచేసిన బడిలో దానికి తలుపు లేదు. ఏడో తరగతిలో ఈడొచ్చిన పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేసేవాళ్లు. వాళ్ల పేర్లు ఏ కోర్టూ ఖారిజ్ చెయ్యలే, ఎర్ర ఇంకుతో నేనే కొట్టేసిన.

*అచ్చంపేట వైపు అతను:* మా దిక్కు దాఖల అనరక్కా. పిలగాన్ని "బడిల ఏసినం" అంటరు. ఆడపిల్లనైతే "బడి మాన్పిచ్చినం" అనుడే ఎక్కువ ఇన్న.

*మొదటి పోస్టు రాసినామె:* మాన్పిచ్చుడుకు మీ దగ్గర ఖారిజ్ లాంటి ఉర్దూ మాట ఏమన్నా ఉందా తమ్మీ?

*అచ్చంపేట వైపు అతను:* లేదక్కా. అది ఇంట్లోనే అయిపోతది, దానికి రిజిస్టర్ ఎక్కడిది?