నది నీళ్లలో సీటీఎక్స్ఏ బ్యాండ్: ఇది ఫేజేనా?

ఒడిశాలోని గుణుపురం దగ్గర వంశధార నీళ్లలో కలరా టాక్సిన్ జన్యువు సీటీఎక్స్ఏ కోసం చూస్తున్నాం. దాన్ని ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి మోసేది బ్యాక్టీరియాకు సోకే వైరస్ సీటీఎక్స్ ఫేజ్ (1996లో వాల్డర్, మెకలానోస్ చూపించింది) కాబట్టి, బ్యాక్టీరియాను తీసేసి ఫేజ్‌నే పట్టాలని ప్రయత్నం.

వానాకాలం ఒండ్రుకు ఫిల్టర్ వెంటనే మూసుకుపోతుంది. అందుకే ముందు 0.45, తర్వాత 0.22 మైక్రాన్. ఫేజ్ అడుగుకు దిగేలా పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్) 8000 10%, ఉప్పు 1 మోలార్, 4 డిగ్రీల్లో రాత్రంతా. ఆపైన విడి డీఎన్ఏను తెగ్గొట్టే ఎంజైమ్ డీఎన్ఏజ్, తర్వాత దాన్ని ఆపడానికి ఈడీటీఏ, 75 డిగ్రీల్లో 10 నిమిషాలు. ఈడీటీఏ ఎక్కువైతే మెగ్నీషియాన్ని పట్టేసుకుని పీసీఆర్ (జన్యువును ఎన్నో కాపీలు చేసి పట్టే పరీక్ష) ఆగిపోతుంది, జాగ్రత్త. విడి డీఎన్ఏ కలిపిన కంట్రోల్‌లో బ్యాండ్ (జెల్‌పై కనిపించే జన్యువు గీత) రాలేదు, అంటే డీఎన్ఏజ్ పనిచేసింది.

సీటీఎక్స్ఏ వచ్చింది. కానీ ఫేజ్‌లో ఉండని, కలరా బ్యాక్టీరియా క్రోమోజోమ్ జన్యువు ఓఎంపీడబ్ల్యూ కూడా సన్నగా వచ్చింది! బ్యాక్టీరియా విడిచే పొర సంచులు కూడా ఈ ఫిల్టర్ దాటతాయి, లోపలి డీఎన్ఏను డీఎన్ఏజ్ నుంచి కాపాడతాయి, కాబట్టి సీటీఎక్స్ఏ బ్యాండ్ వాటిదీ కావచ్చు. క్లోరోఫామ్ వాడితే సంచులతో పాటు దారపు ఆకారపు ఫేజ్ కూడా దెబ్బతింటుంది.

అల్ట్రాసెంట్రిఫ్యూజ్ (చాలా వేగంగా తిప్పే యంత్రం) లేకుండా ఫేజ్‌నీ సంచులనీ వేరు చేసే దారి ఎవరికైనా తెలుసా? ఫేజ్ లోపల ఉండేది ఒంటి పోగు డీఎన్ఏ కదా, పోగును బట్టి తేల్చే పీసీఆర్ ఎవరైనా చేసి ఉంటే ప్రైమర్లు, కంట్రోళ్లు ఎలా పెట్టారో దయచేసి చెప్పండి.