ప్రభుత్వ ఆస్పత్రిలో ఫీజు పెడితే అనవసరంగా వచ్చేవాళ్లు తగ్గుతారా?

ప్రశ్న:
ఈ మధ్య ఒక చర్చలో చాలామంది ఒకటే మాట అన్నారు. అంతా ఉచితం కాబట్టే చిన్న జలుబుకి కూడా వచ్చి లైన్లో నిలబడతారట, కొద్దిపాటి యూజర్ ఛార్జీ పెడితే రద్దీ తగ్గుతుందట, ఆ డబ్బుతో మందులు కొనొచ్చట. వినడానికి సబబుగానే ఉంది కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎక్కడైనా చేసి చూశారా?

జవాబు 1:
చూశారండి, చాలా దేశాల్లో. 1987లో ప్రపంచ బ్యాంకు ఇదే సలహా ఇచ్చింది, ఆ తర్వాత ఆఫ్రికాలో చాలా ప్రభుత్వాలు వసూళ్లు మొదలుపెట్టాయి. కెన్యాలో 1989 చివర్లో పెట్టారు, నైరోబీలో సుఖవ్యాధుల క్లినిక్‌కి వచ్చేవాళ్లు ఒక్కసారిగా పడిపోయారు. ఆ జబ్బులు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి, రోగి ఇంట్లో ఆగిపోతే నష్టం అతనొక్కడితో పోదు. మరుసటి ఏడాదే ఓపీ ఫీజు ఆపేశారు.

అసలు "అనవసరం" అని ముందే ఎవరికి తెలుస్తుంది? ఛాతీలో మంట గ్యాస్ వల్లో గుండె వల్లో తేల్చుకోవడానికే కదా డాక్టర్ దగ్గరికి వెళ్లేది. అమెరికాలో 1970లలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ వేలమందితో పెద్ద ప్రయోగం చేసింది. జేబులోంచి కట్టాల్సింది పెరిగేకొద్దీ వైద్యం వాడకం తగ్గింది, నిజమే, కానీ పనికొచ్చే వైద్యమూ పనికిరానిదీ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. బీపీ ఉన్న పేదవాళ్లకి మాత్రం ఉచితంగా చూసినప్పుడే బీపీ బాగా అదుపులో ఉంది.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ ఇంకో వైపు కూడా చూడాలి. నేను బిల్లు కౌంటర్లో పనిచేశాను. పైనుంచి నిధులు ఆలస్యమైనప్పుడు గ్లవ్స్, దూది కొనడానికి చేతిలో ఉండేది ఆ వసూలు డబ్బే. దాన్ని ఎత్తేసి బదులుగా ఏమీ ఇవ్వకపోతే అల్మారా ఖాళీ అవుతుంది. ఉగాండాలో 2001లో ఫీజులు తీసేశాక పేదలు బాగా రావడం మొదలైంది, అది గొప్ప విషయమే, కానీ మందులు అందక బయట కొనుక్కోవాల్సి రావడంతో వాళ్ల సొంత ఖర్చు అనుకున్నంత తగ్గలేదు.

జవాబు 3:
"పేదలకి మినహాయింపు ఇస్తాం కదా" అనేవాళ్లకి ఒక్క మాట. మా అమ్మకి షుగర్. మినహాయింపు రావాలంటే కాగితం తేవాలి, సంతకం కావాలి, అందరి ముందూ లేదని చెప్పుకోవాలి. ఆమె అడగలేదు, చెకప్‌లు మానేసింది, మాకు తెలిసేసరికి కాలి పుండు ముదిరిపోయింది. కట్టలేనివాళ్లు ఎవరో కౌంటర్ దగ్గర మనిషి మొహం చూసి ఎలా చెప్పగలరు?

జవాబు 1 (మళ్లీ):
చాలా బాధగా ఉందండి. వసూలు చేయడానికి కూడా ఖర్చవుతుందని ఎవరూ లెక్క వేయరు. జర్మనీలో 2004 నుంచి డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్ల దగ్గర మూడు నెలలకోసారి 10 యూరోలు తీసుకున్నారు, డాక్టర్లకి కాగితం పని పెరిగింది, రద్దీ అనుకున్నట్టు తగ్గలేదు, 2012తో ఎత్తేశారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. మళ్లీ ఆ చర్చ వస్తే ఫీజు వద్దనే చెప్తాను, దాంతోపాటు తీసేసే రోజుకంటే ముందే మందులకి అదనపు బడ్జెట్ ఆస్పత్రి చేతికి రావాలని కూడా గట్టిగా అడుగుతాను.