ఊరడం, నానడం, ద్రవాభిసరణం

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి ‘ద్రవాభిసరణం’ దగ్గర నోరు తిరగడం లేదు. ఉప్పు తగిలితే కాయలోంచి నీరు బయటికి రావడమేగా? ‘ఊరడం’ అని చక్కటి మాట ఉండగా ఈ సంస్కృతం దేనికండీ?

జవాబు: ఊరడం అంతకంటే పెద్ద పనండీ. మాగాయ పెట్టేటప్పుడు చూడండి. చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడతాం. చుక్క నీళ్లు పొయ్యం. మూడో రోజుకు ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. మొదట జరిగేది ద్రవాభిసరణమే. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ. కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పలచటి పొర, నీటిని పోనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా రానివ్వదు. కాబట్టి నీరే బయటికొస్తుంది. కానీ అంత ఉప్పులో కణాలు ఎంతోసేపు బతకవు. త్వచం చెడిపోయాక అడ్డేముంది? ఉప్పు లోపలికి, పులుపు బయటికి. ఇది విసరణ. ముక్క నడిమి దాకా ఉప్పెక్కేది అప్పుడే. ఊరడంలో ఈ రెండూ ఉన్నాయి. ఆ మాటను ఒకదానికే కట్టబెడితే రెండోదాన్ని ఏమనాలి?

త్వచం చెడితే ఏమవుతుందో బీట్‌రూట్‌తో చూపించండి. పచ్చి ముక్కను బాగా కడిగి చన్నీళ్లలో వేస్తే రంగు పెద్దగా దిగదు. మరిగే నీళ్లలో వేస్తే చూస్తుండగానే ఎర్రబడతాయి.

ఇక సంస్కృతం సంగతి. అభిసరణ అంటే ఒకదాని వైపు వెళ్లడం. ప్రియుణ్ణి వెతుక్కుంటూ వెళ్లే అభిసారిక కూడా ఈ ధాతువు బిడ్డే. విసరణ అంటే నలుదిక్కులా పరుచుకోవడం. ఉపసర్గ ఒక్కటి మారిస్తే తేడా తెలిసిపోతోంది. ద్రవాభిసరణానికి ఇంగ్లీషు మాటైన ఆస్మోసిస్‌కు మూలమైన గ్రీకు మాటకు ‘తోయడం’ అని అర్థం. నీరు ఎటు పోతుందో అందులో లేదు, మనదాంట్లో ఉంది. నోరు తిరగకపోతే రెండుగా విడగొట్టి చెప్పించండి.

ఇంకొకరు: మరి రాత్రి నానబెట్టిన శనగలు పొద్దునకు ఉబ్బేది కూడా ద్రవాభిసరణమేనా?

జవాబు: మొదట్లో కాదండీ. ఎండు గింజలోని పిండిపదార్థం, మాంసకృత్తులు నీటిని పీల్చుకుంటాయి. దానికి త్వచం బతికి ఉండక్కర్లేదు, మొలకెత్తే శక్తి పోయిన గింజ కూడా ఉబ్బుతుంది. వృక్షశాస్త్రంలో దీన్ని నిపానం అంటారు. ఇక్కడ మాత్రం ‘నానడం’ అంటే నాకేం అభ్యంతరం లేదు.

ఇంకొకరు: కొన్నిటిని పోనిచ్చి కొన్నిటిని ఆపే పొరను ‘అర్ధపారగమ్య త్వచం’ అంటారు కదా, నాకు చిరాకు ఆ మాట మీద. సగం ఎక్కడుంది అందులో?

జవాబు: ఎక్కడా లేదు! ఆక్సిజన్ నేరుగా కొవ్వుపొర దాటుతుంది. గ్లూకోజుకు వాహక ప్రోటీను కావాలి. నీటికి ఆక్వాపోరిన్లని విడిగా దారులే ఉన్నాయి. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. త్వచంలోనే ఉండే సోడియం పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువునొకదాన్ని ఖర్చుపెట్టి 3 సోడియం అయాన్లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ‘అర్ధ’ తీసేసి ‘విచక్షణ’ అని చేర్చితే కొంత నయం. కాకపోతే పొరకు బుద్ధి ఉన్నట్టు వినిపిస్తుంది. ‘ఎంపిక’ పెట్టి ఎవరైనా మాట కడతారా?