టైరెల్ ఆరు చక్రాల కిట్‌కు 21,000! ఒక కారు కిట్‌కు ఎంతవరకు పెట్టొచ్చు?

అలిపిరి24 | శుక్రవారం రాత్రి 9:10

మన ఫోరం అమ్మకాల విభాగంలో నిన్న ఒక పోస్టు చూశాను. జపాన్ తమియా కంపెనీ 1/12 స్కేల్ (అసలు కారులో పన్నెండో వంతు) టైరెల్ పీ34, ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ కిట్, పాత బాక్స్, "లోపలి సంచులు తెరవలేదు" అని రాసి 21,000 రూపాయలు పెట్టారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: ముందు నాలుగు చిన్న చక్రాలు, వెనక రెండు పెద్దవి, మొత్తం ఆరు చక్రాలున్న ఫార్ములా వన్ కారు అది. 1976లో స్వీడన్ రేసులో మొదటి రెండు స్థానాలూ దానివే. కారు గొప్పదే, కాదనను. కానీ 21,000 అంటే తిరుపతిలో రెండు గదుల ఇంటికి రెండు నెలల అద్దె.

నేను ఒక కిట్‌కు 4,000 దాటకూడదని పెట్టుకున్నాను. ఆ లెక్కలోనే 1/24 కార్లు పదకొండు బిల్డ్ చేశాను. మా తమ్ముడి కొడుకు తొమ్మిదో తరగతి. పోయిన నెల నా టేబుల్ పక్కన కూర్చుని స్ప్రూ (ముక్కలన్నీ అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రం) నుంచి ముక్కలు కత్తిరించడం నేర్చుకున్నాడు. "పెదనాన్నా, దీనికెంత అవుతుంది?" అని అడిగితే ఏం చెప్పాలి? ఇలాంటి రేట్లు చూస్తే కొత్తవాళ్లు ఈ వైపు తొంగి కూడా చూడరు. ఎక్కడ ఆపాలో మనమంతా ఒకసారి మాట్లాడుకోవాలని ఈ చర్చ పెడుతున్నాను.

చిత్తూరు_గ్యారేజ్ | 9:34

ఆ పోస్టు నాదే. పేరు రాయలేదు గానీ అందరికీ తెలిసిపోతుంది కాబట్టి నేనే చెబుతున్నా.

రేటు గాల్లోంచి రాలేదు. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు. 2023లో 70 చేశారు. మన కిట్లు కూడా ఆ బొమ్మల పద్దులోకే వస్తాయి. ఒక దుకాణం 10,000 విలువైన కిట్ తెప్పిస్తే సుంకమే 7,000. దాని మీద జీఎస్టీ, రవాణా, అతని లాభం. అందుకే కొత్త సరుకు తెప్పించేవాళ్లు తగ్గిపోయారు. ఇక్కడ దేశంలో ఉన్న పెట్టెకు విలువ పెరిగింది. ఇందులో నా తప్పేముంది?

ఇంకో మాట. తమియా 1/24 కారుకు 4,000 చాలు. కానీ ఇటలీ పోకెర్ వాళ్ల 1/8 ఆల్ఫా రోమియో కిట్లో వెయ్యికి పైగా ముక్కలుంటాయి. దాన్ని 4,000కి ఎవరిస్తారు? స్కేల్‌ను బట్టి, కిట్‌ను బట్టి రేటు. అన్నిటికీ ఒకటే గీత గీస్తే కుదరదు.

రేణిగుంట_రన్‌వే | 9:41

కిట్ రేటే లెక్కేస్తున్నారు. కంప్రెసర్, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, 10 ఎంఎల్ రంగు సీసాలు, థిన్నర్ అన్నీ కలిపితే నాకు కిట్ల కన్నా అవే ఎక్కువయ్యాయి.

చంద్రగిరి_బ్రష్ | 10:02

గ్యారేజ్ తమ్ముడూ, ఒక్క ప్రశ్న. ఆ పెట్టె నీ దగ్గర ఎక్కడుంది? అటక మీదా, బీరువాలోనా? టైర్లు చూశావా?

ఎందుకంటే పాత కిట్లలో టైర్లు మెత్తగా ఉండటానికి ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలుపుతారు. ఆ టైరు ఏళ్ల తరబడి కిట్ ముక్కల స్టైరిన్ ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉంటే ఆ రసాయనం మెల్లగా బయటికొచ్చి ప్లాస్టిక్‌ను తినేస్తుంది. వేడికి ఇంకా తొందరగా. మన దగ్గర మే నెలలో మిద్దె పై గది ఎలా కాలుతుందో చెప్పక్కర్లేదు. నాకు జరిగింది చెబుతా. ఒక 1/24 కారు కిట్ తొమ్మిదేళ్లు అటక మీద పెట్టి దించాను. ఒక టైరు విండ్‌షీల్డ్ మీద పడి ఉంది. తీస్తే అద్దం మీద టైరు గుర్తు గుండ్రంగా, గోరుతో తడిమితే తగిలే గాడి. ఎంత పాలిష్ పట్టినా లోపలి మసక పోలేదు. ఆ అద్దం విడిగా ఎక్కడా దొరకలేదు.

"తెరవలేదు" అన్నంత మాత్రాన లోపలిది బాగుందని కాదు. తెరవకపోవడమే దాని జబ్బు కావచ్చు.

అలిపిరి24 | 10:10

అన్నా, నేను అడిగింది రేటు గురించి, టైర్ల గురించి కాదు.

గ్యారేజ్ గారూ, సుంకం లెక్క బాగుంది. కానీ ఆ సుంకం మీరు కట్టారా? మీది పాత బాక్స్. 2023 సుంకానికీ దానికీ సంబంధమేమిటి? పైగా ఇదే పీ34ను తమియా వాళ్లు ఫొటో ఎచ్డ్ (సన్నని లోహపు రేకు) ముక్కలు కూడా కలిపి మళ్లీ విడుదల చేశారు. జో-హాన్ లాంటి మూతపడిన అమెరికన్ కంపెనీ కిట్ అయితే మళ్లీ రావడం కష్టం, రేటు పెరిగిందంటే అర్థముంది. ఇది అలా కాదు కదా.

చిత్తూరు_గ్యారేజ్ | 10:26

సంబంధం ఉంది. కొత్తది ఇక్కడికి చేరేసరికి ఎంతవుతుందో అదే పాతదానికీ రేటు. మామిడి మార్కెట్లో కూడా అంతే. నా తోటలో కాయకు నాకు ఖర్చు తక్కువైందని పక్కవాడికన్నా తక్కువకు అమ్ముతానా?

రీఇష్యూ సంగతి నాకూ తెలుసు. పాత పెట్టె మీది బొమ్మ, పాత డెకాల్ షీట్ (కారు మీద అతికించే గుర్తులు, అంకెలు), అప్పటి ఇన్‌స్ట్రక్షన్ పుస్తకం కావాలనేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లకోసమే అమ్ముతున్నా. వద్దనుకునేవాళ్లు రీఇష్యూ తెప్పించుకోండి.

శ్రీకాళహస్తి_కలం | 10:31

పాత డెకాల్స్ పసుపెక్కిపోతాయి కదా, వాటిని ఎవరు వాడతారు?

చంద్రగిరి_బ్రష్ | 10:48

టైర్ల సంగతికి జవాబు రాలేదు.

చిత్తూరు_గ్యారేజ్ | 10:52

పెట్టె తెరిచి చూస్తే "తెరవలేదు" అని ఎలా రాయను అన్నా? అందుకే తెరవలేదు.

అలిపిరి24 | 10:58

సరే, సూటిగా అడుగుతా. మీకు ఎంతకు పడింది?

చిత్తూరు_గ్యారేజ్ | 11:05

అది అనవసరం. నేను ఎంతకు కొన్నానన్నది నా ఇష్టం, ఎంతకు అమ్ముతానన్నది నా ఇష్టం. ఇక్కడ ఎవరూ ఎవరి మెడ మీదా కత్తి పెట్టడం లేదు. ఒకరి జీతాన్ని బట్టి ఇంకొకరు రేటు పెట్టాలంటే ఎలా? నాకు 4,000 కన్నా ఎక్కువ పెట్టే స్తోమత ఉంటే అది తప్పా?

చంద్రగిరి_బ్రష్ | 11:19

6,500.

2021 మే నెలలో. గాంధీ రోడ్డులో టీ కొట్టు దగ్గర కలిశాం. మాస్కులు పెట్టుకుని నిలబడి మాట్లాడుకున్నాం. ఇద్దరం టీ కూడా తాగలేదు. పేరు చెప్పకూడదనుకున్నాను. రాత్రి తొమ్మిది నుంచీ ఓపిక పట్టాను. ఇంక నావల్ల కాదు.

ఆ పెట్టె నాది నైనా. మా బావ సింగపూర్ నుంచి 1998లో తెచ్చిచ్చాడు. మూత మీద ఎడమ మూల బాల్‌పెన్‌తో ఒక గీత ఉంటుంది చూడు. మా పెద్దోడు నాలుగేళ్ల వయసులో గీసింది. వాడికోసమే దాచాను. ఇద్దరం కలిసి బిల్డ్ చేద్దామని. వాడి చదువు, నా షిఫ్టులు, ఇల్లు కట్టడం, అలా ఏళ్లు గడిచిపోయాయి. కరోనాలో మా ఆవిడను ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఇంట్లో అమ్మడానికి వీలైనవన్నీ అమ్మాను. నీకు ఫోన్ చేస్తే గంటలో బయల్దేరి వచ్చావు. అది మర్చిపోలేదు. కానీ పెట్టె చేతిలో పెట్టేటప్పుడు నేనేమన్నాను? నువ్వేమన్నావు? "కట్టి మొదటి ఫొటో మీకే పంపిస్తా అన్నా" అన్నావు. నాలుగేళ్లు ఆ ఫొటో కోసం చూశాను. నిన్న చూశాను ఫొటో. పక్కన 21,000 అని.

అలిపిరి24 | 11:24

అన్నా, ఇది నాకు తెలియదు. తెలిసి ఉంటే ఈ చర్చే పెట్టేవాణ్ని కాదు.

పుత్తూరు_స్ప్రూ | 11:30

మాట ఇచ్చి ఇలా చేయడం బాగాలేదు గ్యారేజ్ బ్రో.

చిత్తూరు_గ్యారేజ్ | 11:51

బ్రష్ అన్నా, మీరంటే నాకు గౌరవం. కానీ నలుగురిలో పెట్టి నన్ను మోసగాణ్ని చేశారు. కాబట్టి నేనూ నలుగురిలోనే చెబుతా.

6,500 మీరు చెప్పిన రేటే. ఒక్క రూపాయి బేరం ఆడలేదు. లాక్‌డౌన్‌లో చిత్తూరు నుంచి బండి మీద వచ్చాను, దారిలో రెండుచోట్ల పోలీసులు ఆపారు. ఆ నెల మా షెడ్డు మూసే ఉంది, నాకూ రాబడి లేదు. మీ పరిస్థితి విని ఉన్నదంతా తెచ్చిచ్చాను.

కడతానన్నది నిజం. అబద్ధం చెప్పలేదు. మూడుసార్లు టేబుల్ మీద పెట్టాను. మూత తీయలేదు. ఎందుకు తీయలేదో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర 63 పెట్టెలున్నాయి. కట్టినవి ఏడు. చిన్న కిట్ పాడైతే ఇంకోటి కొనొచ్చు. మీ పెట్టె పాడైతే? బాడీ మీద గ్లూ వేలిముద్ర పడితే? నవంబర్ వానల్లో రంగు కొడితే లాకర్ పూత తెల్లగా పొగపట్టినట్టు అవుతుంది, అలా అయితే? మీ ముఖం గుర్తొచ్చేది. ఆ ముఖానికి భయపడి మళ్లీ అటక మీద పెట్టేవాణ్ని. మీరు ఆ మాట అడగకుండా ఉంటే ఎప్పుడో కట్టేసేవాణ్నేమో.

ఇప్పుడు అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. పెట్టెలు ఒక్కొక్కటీ అమ్ముతున్నా. అది 6,500కే అమ్మాలా?

శ్రీకాళహస్తి_కలం | 11:58

నా ఉద్దేశం ఇద్దరిదీ తప్పు కాదు. అమ్మిన వస్తువు మీద షరతు ఉండకూడదు.

చంద్రగిరి_బ్రష్ | శనివారం ఉదయం 6:15

షరతు కాదు. మాట. షరతుకూ మాటకూ తేడా ఉంది.

రాత్రంతా ఆలోచించాను. డబ్బు గురించి కాదు నా బాధ. 21,000 కాదు, లక్ష పెట్టుకో. కొన్నవాడు కూడా మూత తీయడు, ఆ రేటుకు కొన్నవాడు అసలే తీయడు. వాడు ఇంకొకడికి 30,000కి అమ్ముతాడు. ఆ కారు కాక్‌పిట్ పక్కన చిన్న కిటికీ అద్దాలుంటాయి, నడిపేవాడికి ముందు చక్రాలు కనపడాలని పెట్టారు. ఆ అద్దంలోంచి చక్రాలు చూడాలని మావాడు పెట్టె మీది బొమ్మకు కన్ను ఆనించి చూసేవాడు. ఎప్పటికీ ఎవరూ చూడకుండా అది కరిగిపోతుంది. రేటు ఎంత పెరిగితే అంత భద్రంగా కరిగిపోతుంది. నేను చెప్పదలచుకున్నది అదే, నిన్న టైర్ల పేరుతో చెప్పాను.

ఇంకొకటి. "లోపలి సంచులు తెరవలేదు" అని రాశావు. టైర్ల సంచి తెరిచిందే. మావాడు ఆడుకోవడానికి ఒక చిన్న టైరు తీశాడు, మళ్లీ లోపల పడేశాను. సంచికి టేపు వేశానో లేదో గుర్తులేదు. నీకు చెప్పి ఉండాల్సింది, ఆ రోజు తోచలేదు. అది నా తప్పు. కానీ నువ్వు తెరవకుండానే రాశావు. కొనేవాడికి తెలియాలి.

అలిపిరి24 | 8:40

ఇది ముఖ్యం. గ్యారేజ్ గారూ, పోస్టు మార్చండి.

రేణిగుంట_రన్‌వే | 8:52

మా అమ్మ నేను కట్టిన జీపును బొమ్మల కొలువులో ఎర్రచందనం బొమ్మల జంట పక్కన పెట్టింది. మూడేళ్లుగా పెడుతోంది. ఆ కిట్ 1,800. ఇంతకన్నా నాకు చెప్పడానికి లేదు.

చిత్తూరు_గ్యారేజ్ | ఆదివారం మధ్యాహ్నం 3:20

పోస్టు నిన్ననే తీసేశాను. ఈ రోజు మూత తీశాను.

బాల్‌పెన్ గీత ఉంది. ఇన్నేళ్లూ అది రవాణాలో పడిన గీత అనుకున్నా.

టైర్ల సంచికి తెల్ల టేపు ఉంది, జిగురు ఎండి ఊడిపోయింది. ఐదు టైర్లు సంచిలో, ఒక చిన్న టైరు బయట. అది బాడీ పక్క భాగానికి అతుక్కుని ఉంది. లాగితే రాలేదు. హెయిర్ డ్రైయర్‌తో కొద్దిగా వేడి తగిలించి మెల్లగా తిప్పితే వచ్చింది. కింద నెలవంకలా నిగనిగలాడే మచ్చ, వేలి గోరంత పొడవు. లోతు తక్కువే. అద్దాలు బాగున్నాయి. డెకాల్ షీట్ పసుపెక్కింది.

రేటు 12,000 అని మార్చి పోస్టు మళ్లీ పెడుతున్నా, మచ్చ ఫొటోతో సహా. తగ్గించింది మచ్చ కోసం. మాట కోసం కాదు. అమ్మిన తర్వాత వస్తువు కొన్నవాడిదే, ఇది నేను ఇప్పటికీ నమ్ముతా.

అలిపిరి24 | 3:31

12,000 కూడా నాకు ఎక్కువే.

చంద్రగిరి_బ్రష్ | 3:58

నేను నమ్మను. అది అలా ఉండనీ.

ఆ మచ్చ మీద థిన్నర్ తుడవొద్దు, ఇంకా మెత్తబడుతుంది. నెల రోజులు గాలికి వదిలెయ్, ఆ తర్వాత పుట్టీ పెట్టి 600, 1000 నంబర్ గరుకు కాగితంతో తడిపి రుద్దాలి. టైరును విడిగా వేరే డబ్బాలో వెయ్. డెకాల్ షీట్‌ను జిప్ కవర్లో పెట్టి, ముఖం బయటికి ఉండేలా ఎండ పడే కిటికీ అద్దానికి అతికించు. మన ఎండకు రెండు మూడు వారాల్లో పసుపు చాలావరకు దిగుతుంది. వాన తడి తగలకుండా చూసుకో.

ఎవరు కొన్నా ఒక మాట చెప్పు. పుట్టీ పని నేను చేసిపెడతాను, చంద్రగిరి దాకా తెస్తే చాలు.

చిత్తూరు_గ్యారేజ్ | 4:06

కిటికీకి ఏ వైపు అన్నా? మా ఇంట్లో పడమటి కిటికీకే ఎండ ఎక్కువ.

చంద్రగిరి_బ్రష్ | 4:09

పడమరైనా ఫరవాలేదు. ఎండ ఎక్కువ పడేదే చూసుకో.