.300 విన్‌మ్యాగ్‌కి బ్యారెల్ 22, 24, 26 అంగుళాల్లో ఏది?

ప్రశ్న (కొండదారి):
బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే) .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ (ఎక్కువ పౌడర్‌తో ఎక్కువ వేగమిచ్చే తూటా) రైఫిల్ తీసుకుందామనుకుంటున్నాను. ఏటవాలు కొండలు, మధ్యమధ్య దట్టమైన చెట్లు. ఎక్కువగా 250 గజాల లోపు, అరుదుగా 400. బుల్లెట్ బరువు 180 గ్రెయిన్లు (బుల్లెట్, పౌడర్ తూచే కొలత). తర్వాత సప్రెసర్ (బ్యారెల్ కొనకు బిగించే, శబ్దం తగ్గించే గొట్టం) కూడా పెట్టాలని ఉంది. 26 కన్నా తగ్గితే మ్యాగ్నమ్ కొన్నా దండగే అంటున్నారు. 22కి దిగితే నిజంగా ఎంత పోతుంది? 26 కొని తర్వాత కోయించుకోవచ్చా?

జవాబు (లాంగ్_యాక్షన్):
అంగుళానికి సెకనుకు సుమారు 20–30 అడుగుల వేగం పోతుంది. అంటే 26 నుంచి 22కి వస్తే 100 దాకా. 24లో 180 గ్రెయిన్ల ఫ్యాక్టరీ తూటా 2,950 దగ్గర ఉంటుందనుకుంటే 22లో 2,900. 200 గజాలకు జీరో చేసి (గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేసి) చూడండి, ఆ 100 అడుగుల తేడా 400 గజాల దగ్గర దాదాపు 2 అంగుళాల డ్రాప్ (బుల్లెట్ కిందికి దిగడం). స్కోప్ టరెట్ (గురి సర్దే గుండీ) మీద పావు ఎంవోఏ (కోణం కొలత, 100 గజాలకు దాదాపు అంగుళం) క్లిక్కులు రెండు, అంతే. 22లో కూడా అదే బుల్లెట్‌తో .308 (ఇంతకన్నా చిన్న, మ్యాగ్నమ్ కాని తూటా) కన్నా 200 పైనే ముందుంటుంది. "దండగ" అన్న మాట నిలవదు.

పొట్టి బ్యారెల్‌కి త్వరగా కాలే పౌడర్ వాడాలని కూడా చెబుతారు, అది నమ్మకండి. ప్రెషర్ శిఖరానికి చేరేది మొదటి కొన్ని అంగుళాల్లోనే. మిగతా పొడవంతా గ్యాస్ వ్యాకోచించి బుల్లెట్‌ని తోయడానికే. అందుకే 26లో ఎక్కువ వేగమిచ్చే నిదానపు పౌడరే సాధారణంగా 22లోనూ ఎక్కువిస్తుంది.

ఇంకొకటి: ఒకే పొడవున్న రెండు బ్యారెళ్ల మధ్యే 50 అడుగుల తేడా రావచ్చు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టకుండా పెట్టె మీది అంకెతో డ్రాప్ టేబుల్ వేసుకోవద్దు.

జవాబు (మజిల్_బ్లాస్ట్):
లెక్క సరే కానీ, వేగం ఒక్కటే చూస్తే ఎలా అండి? ఈ తూటాలో 70 గ్రెయిన్ల పైన పౌడర్ ఉంటుంది. బ్యారెల్ తగ్గేకొద్దీ బుల్లెట్ బయటపడే క్షణంలో ప్రెషర్ ఎక్కువ, పేలుడు ముఖానికి దగ్గర, మసకవెలుతురులో మెరుపు పెద్దది. దాని మీద మజిల్ బ్రేక్ (బ్యారెల్ కొనన గ్యాస్‌ని పక్కకి మళ్లించి వెనక్కి తన్నడం తగ్గించేది) బిగిస్తే ఇంకా ఘోరం. కాల్చేవాడు ట్రిగ్గర్ దగ్గర ఉలిక్కిపడడం మొదలైతే ఆ 2 అంగుళాల లెక్క ఎందుకూ కొరగాదు. సప్రెసర్ లేకుండా అయితే నా ఓటు 24కే.

సప్రెసర్ ఖాయమైతే మాత్రం 22. 24 బ్యారెల్‌తో రైఫిల్ మొత్తం పొడవు 45 అంగుళాల దగ్గర ఉంటుంది. 7 అంగుళాల సప్రెసర్ కలిపితే 52. భుజాన తగిలించుకుంటే ప్రతి కొమ్మకీ తట్టుకుంటుంది. పైగా ఆ బరువంతా కొనమీదే. సప్రెసర్ ఉన్నా చెవులకు రక్షణ మానకండి.

.300 రెమింగ్టన్ అల్ట్రా మ్యాగ్ లాంటి 90 గ్రెయిన్ల పైన పౌడర్ తాగే కేసులకు (తూటా గుల్లలకు) ఈ సలహా వర్తించదు. వాటికి 26 ఉంచండి.

జవాబు (లేత్_పని):
కోయించే ముందు మూడు చూసుకోండి. ఒకటి, ఫ్లూటెడ్ (బయట పొడవునా గాడులు చెక్కిన) బ్యారెల్ అయితే కోత ఫ్లూట్ల మీద పడుతుందేమో. రెండు, కోసే చోట వ్యాసం. 5/8-24 మరకి (5/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 చుట్లు) 15.9 మి.మీ. కావాలి, సప్రెసర్ ఆనడానికి భుజం (మర వెనక మెట్టు) మిగలాలంటే 18 పైన ఉంటే మంచిది. మూడు, మర బోర్‌కి (బ్యారెల్ లోపలి రంధ్రానికి) కేంద్రంగా కోయాలి, బయటి వ్యాసానికి కాదు. ఇది తప్పితే బుల్లెట్ సప్రెసర్ బాఫిల్స్‌కి (లోపలి అడ్డు పలకలకి) తగులుతుంది. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

కోశాక క్రౌన్ (బుల్లెట్ బయటపడే బ్యారెల్ కొన అంచు) లేత్ మీదే చేయించాలి. 11 డిగ్రీల టార్గెట్ క్రౌన్ చాలు. రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలిక గాడులు) అంచున ఒకవైపు బర్ (లోహపు గరుకు) మిగిలితే గ్యాస్ ఒకపక్కగా తప్పించుకుని గ్రూపులు చెదురుతాయి. అది చూసి "పొట్టి బ్యారెల్ గురి తప్పుతుంది" అంటారు. నిజానికి అదే కాంటూర్‌లో (బయటి ఆకారం, లావులో) పొట్టిది ఎక్కువ బిగువుగా ఉంటుంది. తర్వాత జీరో మళ్లీ మొదటి నుంచి.

పొడవు కొలవాలంటే ఛాంబర్ ఖాళీ అని చూసుకుని, బోల్ట్ మూసి, క్లీనింగ్ రాడ్ మజిల్ (బ్యారెల్ కొన) నుంచి బోల్ట్ ముఖానికి తగిలేదాకా దించి గుర్తు పెట్టండి. మర మీద బిగించి తీసేసే బ్రేక్ లెక్కలోకి రాదు. చట్టం చెప్పే కనీస పొడవు కోయకముందే చూసుకోండి.

కొండదారి:
చూస్తున్న మోడల్‌లో 26 బ్యారెల్ కొన దగ్గర 16 మి.మీ. ఉంది.

లేత్_పని:
అక్కడ 5/8 పడదు, భుజమే మిగలదు. 4 అంగుళాలు కోస్తే టేపర్ వల్ల కాస్త లావు దొరుకుతుంది, ఆ చోట కాలిపర్‌తో కొలవండి. 17 దాటకపోతే ఎం14×1 (14 మి.మీ. వ్యాసపు) మర వేయించి, సప్రెసర్ తయారీదారు ఆ మరని మ్యాగ్నమ్‌కి ఒప్పుకుంటారో అడగండి. అంతకన్నా ఫ్యాక్టరీలోనే 22 లేదా 24 మరతో వచ్చేది తీసుకోవడం తేలిక.